పుట్టుకతో పాపి, పుట్టుకతో దొంగ

(మనిషి లోపాలు, రక్షణ అనే విషయం మీద క్రైస్తవులూ నాస్తికులూ కలిసి బాపట్లలో పెట్టుకున్న చర్చా సభలో ఒక చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నాకన్నా ముందు మాట్లాడిన పాస్టర్ గారూ, ఆ తర్వాత మాట్లాడిన హేతువాద మిత్రుడూ ఇద్దరూ బాగా చదువుకుని వచ్చారు. పాస్టర్ గారు బైబిల్లో పౌలు రాసిన ఉత్తరం, రోమా పత్రిక తెరిచి, మనుషులంతా పాపం చేసినవాళ్లే, ఎవరూ తమంతట తాము బాగుపడలేరు, అందుకే రక్షకుడు కావాలి అన్నారు. మిత్రుడు లేచి, లోపాలున్న మనిషిని తయారు చేసిందెవరు, తయారు చేసినవాడే ఆ లోపాలకు శిక్ష వేయడమేమిటి, ఆదాము పండు తింటే ఆ నేరం నా మెడకెందుకు చుడతారు అని అడిగారు. గుంటూరు, బెజవాడ, ఒంగోలు వైపు పెరిగినవాళ్లకి ఈ వాదనలు చిన్నప్పటి నుంచీ తెలిసినవే. పూర్వం మైదానాల్లో, హాళ్లలో జరిగేవి. ఇప్పుడు యూట్యూబులో గంటల తరబడి నడుస్తున్నాయి. నేను ఇష్టంగా వింటాను. ఎందుకంటే ఇది చిన్న ప్రశ్న కాదు. మనిషి ఎందుకు చెడు చేస్తాడు, చేసినవాడు మళ్లీ మనిషి కాగలడా, ఎవరు కానిస్తారు అన్నది నేను బతికినన్నాళ్లూ నన్ను వదలని ప్రశ్న.

కానీ వినేటప్పుడు ఒక ఇబ్బంది కలుగుతుంది. రెండు పక్షాలూ మాట్లాడే ఆ మనిషి ఎవరో కనపడడు. అతనికి ఊరుండదు, కులం ఉండదు, ఆకలి ఉండదు, పోలీసు భయం ఉండదు. అందుకని నాకిచ్చిన ఈ కాస్త సమయమూ ఒక ఊరి గురించే మాట్లాడతాను. ఇక్కడి నుంచి చీరాల వైపు ప్యాసింజరు ఎక్కితే దారిలో తగిలే ఊరే. స్టువర్టుపురం. ముందు క్రైస్తవులు, తర్వాత నాస్తికులు ఆ ఊళ్లో ఏళ్ల తరబడి పనిచేశారు. మనం ఇవాళ మైకు ముందు అడుగుతున్న ప్రశ్నకి వాళ్లు తమ జీవితాలతో జవాబు చెప్పాలని చూశారు.

ఊళ్లోకి వెళ్లే ముందు ఒక దొంగతనం కథ చెప్పాలి. ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి అల్జీరియా ఉన్న చోట, తగాస్తే అనే ఊరు ఉండేది. నాలుగో శతాబ్దంలో ఆ ఊళ్లో పదహారేళ్ల కుర్రాడు ఒక రాత్రి స్నేహితులతో కలిసి పక్కవాళ్ల చెట్టెక్కి బేరిపళ్లు దులుపుకొచ్చాడు. ఆకలేసి కాదు. ఇంట్లో అంతకంటే మంచి పళ్లున్నాయి. తెచ్చినవాటిలో ఒకటో రెండో కొరికి మిగతావన్నీ పందులకు పారేశారు. ఆ కుర్రాడు పెద్దయ్యాక బిషప్ అయ్యాడు. ఆయనే అగస్టీన్. క్రీస్తుశకం 354లో పుట్టి 430లో పోయాడు. నడివయసులో రాసుకున్న ఆత్మకథలో ఆ బేరిపళ్ల దొంగతనం గురించి పేజీలకు పేజీలు రాశాడు. ఎందుకు చేశాను, నాకు అవసరం లేదు కదా, ఆ చెడ్డతనమే నాకు నచ్చింది కాబట్టి చేశాను, అయితే ఈ వంకర నాలో ఎక్కణ్ణించి వచ్చింది అని తవ్వుకుంటూ పోయాడు. జన్మపాపం అనే సిద్ధాంతానికి పశ్చిమ దేశాల చర్చిలో గట్టి రూపం ఇచ్చింది ఆయనే. ఆదాము నుంచి ఈ దోషం మనందరికీ పుట్టుకతోనే వస్తుంది, దేవుడి కృప లేకుండా అది వదలదు అన్నాడు.

ఆయన కాలంలోనే పెలాగియస్ అనే సన్యాసి దీన్ని ఒప్పుకోలేదు. బ్రిటన్ నుంచి వచ్చినవాడంటారు. ఆదాము పాపం ఆదాముది, మంచి చెయ్యమని దేవుడు ఆజ్ఞ ఇచ్చాడంటే మనిషి చెయ్యగలడనే కదా, చెయ్యలేనివాడికి ఆజ్ఞ ఎందుకు ఇస్తాడు అని వాదించాడు. 418లో కార్తేజిలో చేరిన బిషప్పుల సభ అతని బోధను తప్పని తేల్చింది. మన నాస్తిక మిత్రులు ఇవాళ అడిగిన ప్రశ్నల్లో సగం పదహారు వందల ఏళ్ల కిందట క్రైస్తవులే క్రైస్తవుల్ని అడిగినవి. తూర్పు ఆర్థడాక్స్ చర్చి ఇప్పటికీ ఆదాము నేరం పిల్లలకు సంక్రమిస్తుందని చెప్పదు. మరణం, బలహీనత సంక్రమిస్తాయంటుంది గాని నేరం కాదు. బాప్తిస్మం పొందకుండా చనిపోయిన పసిబిడ్డల గతేమిటన్న ప్రశ్న అగస్టీన్ నుంచి కేథలిక్కులను వేధిస్తూనే ఉంది. 2007లో వాటికన్‌లోని వేదాంతుల సంఘం ఒకటి, ఆ బిడ్డలు రక్షణ పొందుతారని ఆశపడటానికి బలమైన ఆధారాలున్నాయని రాసింది. కాబట్టి క్రైస్తవమంటే ఒకే అభిప్రాయం అనుకుని దాడి చెయ్యకండి అని హేతువాదులకు మనవి. మీ ఇంట్లోనే ఈ ప్రశ్న ఉంది, దాన్ని అడిగినవాళ్లని శత్రువులుగా చూడకండి అని పాస్టర్లకు మనవి.

అగస్టీన్ కథలో నన్ను పట్టేసిన సంగతి ఇంకొకటుంది. అంత పెద్ద పాపంగా ఆయన చెప్పుకున్న ఆ దొంగతనానికి ఆయన్ని ఎవరూ రిజిస్టరులో ఎక్కించలేదు. తగాస్తే వాళ్లంతా పుట్టుదొంగలని ఏ చట్టమూ రాయలేదు. తన పాపాన్ని తానే తవ్వుకుని తానే పేరు పెట్టుకునే హక్కు ఆయనకు మిగిలింది. ఆ హక్కు లేని మనుషుల దగ్గరికి ఇప్పుడు వస్తాను.

స్టువర్టుపురం ఎవరి కోసం పుట్టిందో ఆ ఎరుకలవాళ్లు ఒకప్పుడు వర్తకులు. సముద్రపు ఒడ్డున ఉప్పు తీసుకుని, గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్లకు మోసుకెళ్లి, ధాన్యానికి మార్చుకునేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, సోది చెప్పేవాళ్లు. సంచారంలోనే వాళ్ల సంసారం. పందొమ్మిదో శతాబ్దంలో రైలు వచ్చింది, రోడ్లు వచ్చాయి, ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది. గాడిద మీద ఉప్పు మోసేవాడితో ఇక ఎవరికీ పని లేకపోయింది. దానికి తోడు కరువులు. తిరిగే కులం తిరుగుతూనే ఉంది గాని తిరగడానికి కారణంగా చూపించుకునే సరుకు పోయింది. అలా సరుకు లేకుండా తిరిగేవాణ్ణి చూసి ప్రభుత్వానికి అనుమానం వచ్చింది.

1871లో ఉత్తర భారతంలో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. అప్పటి అధికారుల వాదన ఏమిటంటే, ఈ దేశంలో వడ్రంగం వడ్రంగి కొడుక్కి, నేత సాలె కొడుక్కి వచ్చినట్టే, నేరం కూడా కొన్ని కులాలకు తరతరాలుగా వృత్తిగా వస్తుంది అని. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. మనమంతా అప్పుడు మద్రాసు రాజధానిలోనే ఉన్నాం.

ఆ చట్టంలో ఏముందో కొంచెం నిదానంగా వినండి. ఒక కులాన్ని నేరస్థ జాతి అని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తే చాలు. ఆ ప్రకటన తప్పని కోర్టుకు వెళ్లే వీలు లేదు. ప్రకటించాక జిల్లా అధికారి మనుషుల జాబితా రాయిస్తాడు, వేలిముద్రలు తీయిస్తాడు. ఆ మనిషి అప్పటిదాకా ఏ నేరమూ చేసి ఉండనక్కర్లేదు. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటితే చెప్పి దాటాలి. జాబితాలో ఉన్నవాడు దొంగతనం చెయ్యబోతున్నట్టు కోర్టుకు నమ్మకం కలిగించే పరిస్థితుల్లో దొరికితే, దొంగతనం జరగకపోయినా మూడేళ్ల దాకా జైలు. కొన్ని రకాల నేరాల్లో రెండోసారి శిక్ష పడితే ఏడేళ్లకు తగ్గకుండా, మూడోసారి పడితే యావజ్జీవ ద్వీపాంతరం. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికి ఇచ్చారు. పాలు తాగే పిల్లవాడు కూడా పెద్దయితే ఆ జాబితాలోకి రావలసినవాడే.

ఇది ఏ బైబిలు చదివి రాసిన చట్టమూ కాదు. పరిపాలన కోసం రాసింది. అయినా ఇందులో ఉన్నది జన్మపాపమే. ఒకటే తేడా. అగస్టీన్ అందరికీ ఉందన్నదాన్ని ఈ చట్టం కొందరి నెత్తిన మాత్రమే పెట్టింది. నా దృష్టిలో ఆ తేడాలోనే ఘోరమంతా ఉంది. పౌలు రోమా పత్రిక మూడో అధ్యాయంలో ఏమంటాడు? "ఏ భేదమును లేదు, అందరును పాపముచేసి" అంటాడు. పాస్టర్ గారు ఇందాక రెండో భాగం చదివారు, మొదటి భాగం వదిలేశారు. భేదం లేదన్నది ఆ వాక్యానికి ప్రాణం. జిల్లా కలెక్టరుకీ, పోలీసు సూపరింటెండెంటుకీ, ఎరుకలవాడికీ ఒకటే దోషం ఉందని నిజంగా నమ్మినవాడు ఒక కులాన్ని మాత్రమే రిజిస్టరులో ఎక్కించలేడు. ఆ వాక్యం చదువుకుంటూనే ఎక్కించారు.

ఇక రక్షణ సైన్యం సంగతి. సాల్వేషన్ ఆర్మీని మన వైపు ఆ పేరుతోనే పిలుస్తారు. లండన్ తూర్పు పేటల్లోని తాగుబోతులు, బిచ్చగాళ్ల మధ్య విలియం బూత్ 1865లో మొదలుపెట్టిన పని అది. 1882లో ఇండియాకి తెచ్చింది ఫ్రెడరిక్ టక్కర్. ఐ.సి.ఎస్. ఉద్యోగం వదిలేసి, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని, చెప్పుల్లేకుండా తిరిగాడు. బొంబాయి వీధుల్లో ఊరేగింపులు తీసినందుకు బ్రిటిష్ ప్రభుత్వమే వాళ్లని అరెస్టు చేసింది. ఇలాంటి మనుషుల్ని తేలిగ్గా తీసిపారేయలేం. కాల్వినిస్టుల్లాగా దేవుడు కొందరినే ముందుగా ఎంచుకున్నాడని వీళ్లు నమ్మరు. వీళ్లది మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ బాట. ఎంత పతితుడైనా రక్షణ పొందవచ్చు, పొందినవాడు పరిశుద్ధంగా బతకగలడు అనేది వాళ్ల నమ్మకం. పుట్టుదొంగ అని చట్టం అంటుంటే, ఎవడూ పుట్టుదొంగ కాడు, మార్చి చూపిస్తాం అని ముందుకు వచ్చినవాళ్లు ఆ రోజుల్లో వీళ్లే. మిగతా సమాజం, మన పెద్ద కులాల పెద్దలతో సహా, ఆ మాట కూడా అనలేదు.

1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర ఎరుకలవాళ్లని నిఘాలో ఉంచే కాలనీ, అప్పటి మాటలో సెటిల్‌మెంటు పెట్టారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. బెజవాడ అవతల సీతానగరంలో ఇంకొకటి. అక్కడ కొండ రాయి కొట్టించేవాళ్లు. కావలి వైపు సెటిల్‌మెంట్లు అమెరికన్ బాప్టిస్టు మిషన్ చూసుకునేది. స్టువర్టుపురంలో భూమి ఇచ్చారు, బడి పెట్టారు, వైద్యం చేశారు. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు ఇక్కడి నుంచి వెళ్లారు. బడి అంటే నాకు గౌరవం. ఎరుకల పిల్లలకి పలక పట్టించిన మొదటి చేతులు చాలాచోట్ల మిషనరీలవే.

కానీ సెటిల్‌మెంటులో ఒక రోజు ఎలా గడిచేదో చూడండి. తెల్లవారుతూనే హాజరు. పేర్లు చదువుతారు, పలకాలి. సాయంత్రం మళ్లీ హాజరు. కొందరికి రాత్రి పూట కూడా. పక్క ఊళ్లో అక్క కూతురి పెళ్లి ఉందనుకోండి. మేనేజరు దొర దగ్గరికి వెళ్లి పాసు అడగాలి. పాసు మీద పేరు, వెళ్లే ఊరు, తిరిగి రావలసిన రోజు రాస్తారు. వెళ్లిన ఊళ్లో అది అధికారులకు చూపించాలి. పెళ్లిపందిట్లో కూర్చున్నా జేబులో ఆ కాగితం ఉండాలి. రైలు తప్పిపోయి ఒక రోజు ఆలస్యమైతే అది నేరం. ఆదివారం గుడికి వెళితే అక్కడ ప్రసంగం చేసేదీ, సోమవారం పాసు ఇచ్చేదీ ఒకే మనిషి. కృప అనేది ఉచితం అని చెప్పే నోరూ, నువ్వింకా నమ్మదగినవాడివి కాలేదు అని చెప్పే చెయ్యీ ఒకరివే. ఆదివారం విన్నది ఎంతవరకు నమ్మాలో ఆ బెంచీ మీద కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది?

(సభలోంచి ఒకరు: మాస్టారూ, అంటే వాళ్లు దొంగతనాలే చెయ్యలేదంటారా? చేసినవాళ్లు ఉన్నారు కదండీ?)

ఉన్నారండీ. మంచి ప్రశ్న అడిగారు. దొంగతనాలు చేసినవాళ్లున్నారు, పెద్ద పెద్ద దోపిడీలు చేసినవాళ్లున్నారు. ఆ ఊరి పేరు వింటే జనం తలుపులు గడియ పెట్టుకున్న రోజులు మీలో పెద్దవాళ్లకు గుర్తుంటాయి. వాళ్ల వల్ల నష్టపోయినవాళ్లలో బీదవాళ్లూ ఉన్నారు. వాళ్ల బాధ నిజం. దాన్ని చిన్నది చేసి మాట్లాడితే నేను చెప్పేదానికి విలువ ఉండదు. నేను అడిగేది వేరు. బాపట్లలో ఒక బ్రాహ్మడో, ఒక కమ్మవాడో బ్యాంకు డబ్బు తింటే అతని పేరు పేపర్లో పడుతుంది. అతని కులం పేరుగాని, ఊరి పేరుగాని దొంగ అనే మాటకు మారుపేరు కాదు. స్టువర్టుపురంలో పుట్టిన పిల్లవాడు ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లి సొంత ఊరు ఏది అంటే ఏం చెప్పాలా అని టెన్షన్ పడాలి. మన సినిమాలు ఆ పేరుతో డబ్బు చేసుకున్నాయి. చేసినవాడి నేరం చెయ్యనివాడికి అంటుకుంటోంది. ఆదాము సంగతి వదిలేయండి, ఇది మన కళ్లముందే జరుగుతోంది.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో శిష్యులు పుట్టుగుడ్డివాణ్ణి చూసి యేసును అడుగుతారు, వీడు గుడ్డివాడుగా పుట్టడానికి వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని. వీడూ చెయ్యలేదు, వీడి కన్నవాళ్లూ చెయ్యలేదు అంటాడు ఆయన. నేను చర్చి ఇంట్లోనే పెరిగాను. ఆ మాట చదివిన ప్రతిసారీ సెటిల్‌మెంటే గుర్తొస్తుంది. క్రీస్తు తోసిపుచ్చిన ప్రశ్ననే చట్టం ఎరుకల పసిబిడ్డ మీద వేసి, జవాబు కూడా రాసిపెట్టుకుంది.

స్వాతంత్ర్యంతో పాటే 1947లో మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటికీ సంబంధించి పరిశీలించిన సంఘానికి అధ్యక్షుడు మన అనంతశయనం అయ్యంగారు. 1952 ఆగస్టు 31న మిగతా దేశంలోనూ అది పోయింది. ఆ కులాలు విముక్త జాతులయ్యాయి. కాగితం మీద. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. రిజిస్టరు అలవాటు పోలీసులకూ పోలేదు, ఊళ్లవాళ్లకూ పోలేదు.

ఇప్పుడు రెండో పక్షం. గోపరాజు రామచంద్రరావు గారు, అందరికీ తెలిసిన పేరు గోరా, వృక్షశాస్త్రం చెప్పిన అధ్యాపకుడు. నాస్తిక భావాల వల్ల కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. ఆయన నాస్తికత్వం దేవుడు లేడని నిరూపించి ఇంటికి పోయేది కాదు. దేవుడి మీదా విధి మీదా భారం వేసినవాడు బానిసలాగా బతుకుతాడు, తన బతుక్కి తానే బాధ్యుణ్ణి అనుకున్నవాడే స్వేచ్ఛగా బతుకుతాడు అనేది ఆయన వాదన. మనిషిలో లోపం ఉందని ఆయన కాదనలేదు. ఆ లోపం పరలోకం నుంచి ఎవరో వచ్చి తీసేది కాదు, మనుషులే ఒకరికొకరు సాయపడి తీసుకోవలసింది అన్నారు.

ఆయన కొడుకు లవణం. ఉప్పు సత్యాగ్రహం నడిచిన 1930లో పుట్టాడని ఆ పేరు పెట్టారు. భార్య హేమలత, మన గుర్రం జాషువా గారి కూతురు. ఒక్క క్షణం దీని గురించి ఆలోచించండి. జాషువా గారు క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. కూతురు నాస్తికుల ఇంటి కోడలు. మన వేదిక మీద ఇవాళ ఎదురెదురుగా కూర్చున్న రెండు పక్షాలు ఆ ఇంట్లో వియ్యంకులు. జాషువా గారికి పుట్టుక వల్ల మోసే నింద ఎలాంటిదో ఒకరు చెప్పనక్కర్లేదు. అది చూసి పెరిగిన కూతురు 1970ల మధ్యలో భర్తతో కలిసి స్టువర్టుపురంలో అడుగుపెట్టారు.

వాళ్లు ఏం చేశారు? ఇళ్లకు వెళ్లారు, కూర్చున్నారు, తిన్నారు. జైళ్లలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లారు. ప్రభుత్వంతో మాట్లాడారు, పోలీసులతో మాట్లాడారు. పిల్లల చదువు, భూమి, పని, వీటి వెంట పడ్డారు. ముఖ్యంగా ఆడవాళ్లతో హేమలత గారు మాట్లాడారు. మొగుడు జైల్లో ఉంటే ఇల్లు నడిపేది, పోలీసులు వస్తే ముందు తిట్లు తినేది ఆవిడే కాబట్టి, మార్పు కావాలని అందరికన్నా ముందు కోరుకునేదీ ఆవిడే. వీళ్ల చేతిలో పాసు పుస్తకం లేదు, హాజరు పట్టీ లేదు. వెళ్లి మాట్లాడే హక్కు తప్ప ఏ అధికారమూ లేదు. ఆ లేకపోవడమే వాళ్ల బలం అని నాకనిపిస్తుంది. తర్వాత నిజామాబాదు వైపు జోగిని ఆచారం మీద కూడా అలాగే పనిచేశారు.

నాస్తిక మిత్రులు ఇది విని సంతోషపడుతున్నారు. మీకూ ఒక మాట చెప్పాలి. లవణం గారు వినోబా భావే పాదయాత్రలో ఆయన పక్కన నడుస్తూ తెలుగులోకి అనువాదం చేసినవారు. 1960లో చంబల్ లోయ బందిపోట్లు వచ్చి తుపాకులు కింద పెట్టింది ఆ వినోబా ముందే. ఆయన నిలువెల్లా దైవభక్తుడు. నేరం చేసినవాడి దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్లి నమ్మకం పెట్టడం అన్న పద్ధతి వీళ్లు ఒక భక్తుడి నుంచి నేర్చుకున్నారు. దానికి వాళ్లేమీ సిగ్గుపడలేదు.

సిద్ధాంతంగా చూస్తే మీ దగ్గర ఒక చిక్కుంది. పరిస్థితులే మనిషిని దొంగను చేశాయి అంటారు. సరే. ఉప్పు చట్టం, కరువు, సెటిల్‌మెంటు, అన్నీ నేనే చెప్పాను. కానీ అదే కరువులో, అదే సెటిల్‌మెంటులో దొంగతనం చెయ్యనివాళ్లు కూడా ఉన్నారు. పరిస్థితులే అంతా అంటే వాళ్ల మంచితనానికి కూడా వాళ్లు సొంతదార్లు కారు. పైగా పరిస్థితులు మారిన తర్వాత కూడా తప్పు చేసేవాడుంటాడు. భూమి ఉంది, ఉద్యోగం ఉంది, అయినా చేశాడు. అగస్టీన్ బేరిపళ్లు అవే. పౌలు మాటల్లో "నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అన్నది మనలో ప్రతివాడికీ తెలిసిన అనుభవం. తాగుడు మానదలచినవాణ్ణి అడగండి. కోపం తగ్గించుకుందామనుకుని ఇంటికెళ్లి పిల్లల మీద అరిచినవాణ్ణి అడగండి. దీన్ని మతం సృష్టించిన అపరాధ భావన అని కొట్టిపారేస్తే మనిషి గురించి సగమే తెలుసుకున్నట్టు. దేవుణ్ణి పక్కన పెట్టి కొత్త మనిషిని తయారు చేస్తామని సోవియట్ రాజ్యం బయల్దేరింది. లోపం వర్గంలోనే ఉందని, ఆ వర్గాన్ని తీసేస్తే చాలని, కూలక్, అంటే కలిగిన రైతు, ఇంట్లో పుట్టిన పిల్లల్ని కూడా జాబితాల్లో ఎక్కించింది. పుట్టుక చూసి నేరం రాసే రిజిస్టరు అక్కడ కూడా తెరిచారు.

అందుకని నా అభిప్రాయం దాచుకోకుండా చెబుతాను. ఆదాము నేరం బిడ్డకి వస్తుందన్నది నేను ఒప్పుకోను. ఎరుకల బిడ్డ సంగతి తెలిశాక ఒప్పుకోలేను. మనుషులందరిలోనూ వంకర ఉందన్నది మాత్రం ఒప్పుకుంటాను. అందరిలోనూ అన్నప్పుడు జాబితా రాసేవాడితో మొదలుపెట్టాలి. రక్షణ అనే మాటని నేను లూకా సువార్తలోని జక్కయ్య దగ్గర నేర్చుకున్నాను. జక్కయ్య పన్నుల వసూలుదారు, ప్రభుత్వం తరఫువాడు, జనాన్ని పిండినవాడు. యేసు అతని ఇంటికి వెళ్లాడు. ముందు మారు, తర్వాత వస్తాను అనలేదు. జక్కయ్య లేచి నిలబడి, నా ఆస్తిలో సగం బీదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాను అన్నాడు. అప్పుడు వచ్చింది ఆ మాట, ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చింది అని. ఆ కథలో పశ్చాత్తాపపడింది జాబితాలో ఉన్నవాడు కాదు, జాబితా రాసేవాడు.

స్టువర్టుపురం విషయంలో మనం వందేళ్లుగా ఎరుకలవాడు మారాడా లేదా అనే అడుగుతున్నాం. మిషనరీలు అదే అడిగారు, పోలీసులు అదే అడిగారు, కొంతవరకు సంస్కర్తలూ అదే అడిగారు. వేలిముద్రలు తీసిన ప్రభుత్వం మారిందా, ఆ ఊరి పిల్లవాడికి అద్దెకి ఇల్లివ్వని బాపట్ల మారిందా, చీరాల మారిందా అని ఎవరూ అడగలేదు. నాలుగింతలు ఎవరు తిరిగి ఇచ్చారు?

అధ్యక్షుల వారు టైమైందని సైగ చేస్తున్నారు. రెండు ప్రశ్నలు అడిగి కూర్చుంటాను.

పాస్టర్ గారూ, సిలువ మీద యేసు పక్కన వేలాడిన దొంగకి అప్పటికప్పుడు, ఏ షరతూ లేకుండా పరదైసు, అంటే స్వర్గం, దొరికింది. అతన్ని హాజరు వెయ్యలేదు, ఆరు నెలలు చూసి చెబుతాననలేదు. అంత ఉచితమైన కృపను నమ్మిన చర్చి, భూమ్మీద అదే దొంగకి పాసు ఎందుకు రాయించింది? ఇవాళ మీ సంఘంలో సెటిల్‌మెంటు కుటుంబం నుంచి వచ్చిన అబ్బాయికి మీ విశ్వాసుల ఇళ్లలో పిల్లనిస్తున్నారా?

నాస్తిక మిత్రమా, మీరు మనిషి తనకు తానే బాధ్యుడన్నారు. మీరు చేరదీసి, ఉద్యోగం ఇప్పించి, ఇల్లు కట్టించిన మనిషి మళ్లీ దొంగతనం చేసి పట్టుబడ్డాడు. రెండోసారి, మూడోసారి కూడా. మూడోసారి యావజ్జీవం అన్న ఆ పాత చట్టం ఒక జవాబు ఇచ్చింది. ఏడు డెబ్బైల సార్లు క్షమించమన్న సువార్త ఇంకో జవాబు ఇచ్చింది. దేవుడూ లేడు, పరలోకమూ లేదు అనే మీరు, నాలుగోసారి అతనికి తలుపు తియ్యడానికి ఏ కారణం చెబుతారు? కారణం లేదని నేననడం లేదు. హేమలత గారికి ఏదో కారణం ఉండే ఉంటుంది, అందుకే మళ్లీ మళ్లీ వెళ్లారు. అది మీ నోటితో వినాలని ఉంది.

ముందు పాస్టర్ గారికి మైకు ఇవ్వండి.